అశోక్‌నగర్ మేనల్లుడికి బిట్‌కాయిన్ పాఠం

మా మేనల్లుడు అశోక్‌నగర్‌లో ఉంటాడు. హైదరాబాద్ తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు: రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నాడు. సూర్యాపేట నుంచి డిగ్రీ పట్టా పట్టుకొచ్చి నలుగురు పంచుకునే గదిలో ఒక మంచం, మెస్సులో ఒక ఖాతా, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక కుర్చీ సంపాదించాడు. ఆ మూడింటిలో కుర్చీయే కష్టం. తెల్లారేసరికి వెళ్లి పుస్తకం పెట్టి ఆపకపోతే ఆ పూటకి మెట్ల మీదే చదువు.

వాడు ఒకరోజు డాలస్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి, "మామా, నువ్వు బిట్‌కాయిన్ కొన్నవంట గద, నాకు గూడ జర నేర్పియ్యి" అన్నాడు. ఆ సాయంత్రమే అక్క ఫోన్. "తమ్మీ, వానికి గవన్నీ చెప్పకు. సదువు పాడైతది." బావకి ఈ సంగతి తెలియకూడదన్నది ఇద్దరూ విడివిడిగా పెట్టిన షరతు.

అక్క మాట కాదనడం నాకు అలవాటు లేదు. కానీ వాడికి ఇరవై ఏడేళ్లు. ఆ వయసులో నేను అప్పు చేసి విమానమెక్కాను. ఎవరి అనుమతీ అడగలేదు.

పైగా నేర్పడానికి ఏముందని కదిపి చూస్తే, వాడికి నాకన్నా ఎక్కువే తెలుసు. క్రిప్టో లావాదేవీలకు బ్యాంకులు సేవలందించకూడదన్న రిజర్వు బ్యాంకు 2018 సర్క్యులర్‌ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసిందన్నాడు. లాభం మీద 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ 1 నుంచి, 1 శాతం టీడీఎస్ (అమ్మినప్పుడే కోసుకునే పన్ను) అదే ఏడాది జులై 1 నుంచి అన్నాడు. సెక్షన్ నంబర్లు కూడా చెప్పాడు. కరెంట్ అఫైర్స్ నోట్సులో ఎర్ర పెన్నుతో గీత గీసుకున్న విషయాలు ఇవన్నీ. బ్లాక్‌చైన్ మీద వ్యాసం రాయమంటే నాలుగు పేజీలు రాస్తాడు. జేబులోంచి పది వేలు పోతే ఎలా ఉంటుందో మాత్రం ఆ నోట్సులో లేదు.

వాడి వాదన గట్టిదే. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో, 503 పోస్టులతో పడింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకుతో 2023 మార్చిలో అది రద్దు. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. మెయిన్స్ జరిగేసరికి 2024 అక్టోబరు వచ్చింది, అదీ అశోక్‌నగర్ రోడ్ల మీద ఆందోళనల మధ్య. "మామా, మేం మొదటి ప్రిలిమ్స్ రాసిన్నాడు బిట్‌కాయిన్ 19 వేల డాలర్లు. మెయిన్స్ నాటికి 67 వేలు. రెండేండ్లు నేను ఈ కుర్చీల కూసున్న. అది మూడున్నర రెట్లైంది."

లెక్క సరైనదే. కానీ ఆ రెండు తేదీల మధ్య ఏముందో వాడు దాటేశాడు. మొదటి ప్రిలిమ్స్ అయిన నెల తిరక్కుండానే ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజీ కుప్పకూలింది, ధర 16 వేల డాలర్లకు దిగింది. అంతకు ఏడాది ముందే అది 69 వేలు చూసిన సరుకు. కొన్నవాడు అప్పుడు అమ్మకుండా ఉండగలగాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున గది అద్దె, మెస్సు బిల్లు కట్టాల్సినవాడు ఎంతకాలం అమ్మకుండా ఉంటాడు? నేను ఉండగలిగానంటే అందులో నా తెలివేమీ లేదు. నెల నెలా జీతం పడుతోంది, ఆ డబ్బుతో నాకు అవసరం రాలేదు.

డాలస్ నుంచి పాఠం చెప్పడంలో ఇంకో చిక్కుంది. అమెరికాలో 2024 జనవరిలో స్పాట్ బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి వచ్చాక, షేర్లు కొనే ఖాతాలోనే కొనుక్కోవచ్చు. తాళాలు, రహస్య పదాలు దాచుకునే బెడద లేదు. ఏడాది దాటాక అమ్మితే పన్ను తక్కువ. నష్టమొస్తే ఇతర లాభాల్లోంచి తీసేసుకోవచ్చు, ఇంకా మిగిలితే ఏడాదికి 3,000 డాలర్ల దాకా జీతంలోంచి కూడా తగ్గించుకోవచ్చు. వాడున్న చోట ఇవేవీ లేవు. ఒక కాయిన్‌లో పది వేలు లాభం, ఇంకోదాంట్లో పది వేలు నష్టం వచ్చిందనుకోండి. చేతికి మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను మూడు వేలు, ఆపైన సెస్సు. శ్లాబులతో సంబంధం లేదు. ఇక ఆ 1 శాతం టీడీఎస్ లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. రోజూ కొని అమ్ముతూ అదే డబ్బుని యాభైసార్లు తిప్పితే, లాభనష్టాల సంగతి అటుంచి, దాదాపు 40 శాతం టీడీఎస్‌గా వెళ్లిపోతుంది. రిటర్ను వేసి సర్దుబాటు చేసుకునేదాకా చేతికి రాదు. సెక్షన్ నంబరు బట్టీపట్టిన మా వాడు ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు. ఫోన్‌లో వేయించాను. కాసేపు మాట్లాడలేదు.

అక్క చెప్పినట్టే ఊరుకుందునేమో. నా మనసు మార్చింది చిక్కడపల్లిలో తాగిన ఒక చాయ్.

పోయిన చలికాలం హైదరాబాద్ వచ్చినప్పుడు నారాయణగూడ మెట్రో దగ్గర దిగి, వాడితో చిక్కడపల్లి దాకా నడిచాను. జిరాక్స్ షాపులు, టెస్ట్ సిరీస్ ఫ్లెక్సీలు, లేడీస్ హాస్టల్, జెంట్స్ హాస్టల్, మళ్లీ జిరాక్స్ షాపులు. లైబ్రరీ దగ్గరి చాయ్ బండి కాడ వాడి స్నేహితులు కలిశారు. అందులో ఒకతను బిట్‌కాయిన్ ఊసే ఎత్తలేదు. అతనిది యూఎస్‌డీటీ వ్యాపారం. డాలరుతో సమానంగా ఉండాల్సిన ఆ కాయిన్‌కి మన దేశంలో కాస్త ఎక్కువ ధర పలుకుతుంది. ఒకచోట కొని, టెలిగ్రామ్ గ్రూపులో దొరికిన మనిషికి అమ్మితే ఒక్కో కాయిన్ మీద రూపాయో రెండో మిగులుతుందట. "రిస్కే లేదన్నా, పైసలు ముందు మన అకౌంట్ల పడ్డంకనే కాయిన్ పంపుతం" అన్నాడు. మా మేనల్లుడి కళ్లు చూశాను. వాడు నేర్చుకోవాలనుకుంటున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది.

రిస్కంతా ఆ ఖాతాలో పడే పైసల్లోనే ఉంది. ఎదుటివాడు పంపేది ఎవరి సొమ్మో మనకు తెలియదు. ఎక్కడో ఒక రిటైర్డ్ టీచర్‌ని డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరించి లాగిన డబ్బు కావచ్చు. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాల గుండా పోయిందో వరసగా పట్టుకుంటూ పోలీసులు వాటిని ఫ్రీజ్ చేయిస్తారు. ఆ గొలుసులో చిక్కడపల్లి కుర్రాడి ఖాతా కూడా ఉంటుంది. అతను కాయిన్ ఇచ్చే డబ్బు తీసుకున్నాడు, మోసం చేయలేదు; ఆ సంగతి నిరూపించుకోవడానికి ఏ రాష్ట్రం నుంచి నోటీసు వస్తే ఆ రాష్ట్రం పోలీసులకి జవాబు చెప్పుకోవాలి. ఈలోగా నాన్న పంపిన మెస్సు డబ్బులూ అందులోనే ఇరుక్కుంటాయి.

అశోక్‌నగర్ కుర్రాడికి పోయేది డబ్బొక్కటే కాదు. ర్యాంకు వచ్చాక కూడా పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. రెండు రూపాయల మిగులు కోసం ఎఫ్ఐఆర్‌లో పేరెక్కితే, ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నది దేనికి? ప్రభుత్వ ఉద్యోగంలో చేరాక ఇలాంటి కొనుగోళ్ల మీద నియమాలుంటాయని కూడా వాడికి గుర్తుచేశాను. ఉదాహరణకు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలోని 16వ నిబంధన, షేర్లయినా ఇతర పెట్టుబడులయినా తరచూ కొని అమ్మడాన్ని స్పెక్యులేషన్‌గానే చూస్తుంది, దాన్ని నిషేధిస్తుంది. "అది గూడ సిలబస్‌ల ఉంది మామా" అన్నాడు నవ్వుతూ.

కాబట్టి నేర్పాను. మొదలు అక్కతో మాట్లాడాను. ఆమె నెలనెలా చీటీ కట్టే మనిషి. చీటీ నడిపే ఆమె పారిపోతే ఇల్లెక్కడో తెలుసు, కనీసం వెళ్లి గుమ్మం ముందు కూర్చోవచ్చు. టెలిగ్రామ్‌లో ఉన్నవాడికి గుమ్మం లేదు. నేను చెప్పకపోతే వాడికి చెప్పేది ఆ గుమ్మంలేనివాడే అన్నాక అక్క "సరే, అయితే పొయ్యేదే ముందు చెప్పు" అంది. పాఠ్యప్రణాళిక అలా అక్క చేతిలో ఖరారైంది.

పోయేదే ముందు చెప్పాను. 2024 జులై 18న వజీర్ఎక్స్ అనే ఎక్స్ఛేంజీలోంచి దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన క్రిప్టోని హ్యాకర్లు ఎత్తుకుపోయాక, ఖాతాదార్లు ఏడాదికి పైగా తమ కాయిన్లు తీసుకోలేకపోయారని చెప్పాను. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, ఎక్స్ఛేంజీ మునిగితే ఏ బీమా లేదని చెప్పాను. దొంగ యాప్ మొదట వెయ్యి పెడితే పదిహేను వందలు నిజంగానే ఎలా తిరిగిస్తుందో, లక్ష పెట్టాక 'ముందు పన్ను కడితేనే విత్‌డ్రా' అని ఎలా అడుగుతుందో చెప్పాను. అపరిచితులకు యూఎస్‌డీటీ అమ్మడం మాత్రం చర్చకే పెట్టలేదు, వద్దన్నాను. కొనాలనుంటే సొంత సంపాదనలోంచి, బావకి చెప్పి కొనమన్నాను. బావకి చెప్పడమనే షరతు దగ్గర ఉత్సాహం సగం చచ్చింది. నేనైతే రూపాయి పంపనన్నాను. మిగతా సగమూ చచ్చింది.

రేపు ఉద్యోగం వచ్చాక, నియమాలకు లోబడి వాడు నిజంగా కొంటే నాకు అభ్యంతరం లేదు. బిట్‌కాయిన్ మోసమని నేననుకోవడం లేదు. అనుకుంటే నా దగ్గర ఉండేది కాదు. జీతం లేనివాడికి అది పనికిరాదు, అంతే.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మామలకు, బాబాయిలకు, అక్కలకు ఒక మనవి. ఇంటి దగ్గరి పిల్లలు అడిగితే కసురుకోకండి, కూర్చోబెట్టి చెప్పండి. మీ లాభం ఎంతో చెప్పేముందు మీ జీతమెంతో, మీ దేశంలో పన్నెలా ఉంటుందో చెప్పండి. వాళ్ల ఫోన్లలో 1930 నంబరు ఉందో లేదో కనుక్కోండి. మీ రిఫరల్ లింకు మాత్రం పంపకండి. దానికొచ్చే పది డాలర్లు మనకి అక్కర్లేదు.