పంటి మీద పట్టాలు

మా మెదక్‌కు రైలు 2022లో వచ్చింది. ఆ మరుసటేడు నా నోట్లోనూ పట్టాలు పడ్డాయి. "ఏంరా, స్టేషన్ ఎప్పుడు కడ్తున్నరు?" అని మిత్రులు ఒకటే నవ్వు. నవ్వుకోనీ! వంకర పళ్ళని వరసకు తేవడం తీగ పని, డాక్టరు పని. ఆ పళ్ళ మీది పింగాణిని కాపాడుకోవడం మాత్రం మన పని. ఈ నాలుగు మాటలూ అందుకే.

పింగాణి, అదే ఎనామిల్, ఎముక కంటే గట్టిది. కానీ అందులో జీవకణాలు లేవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని, ఊడిన పింగాణి మళ్ళీ పుట్టదు. తీగని పట్టి ఉంచే బిళ్ళల చుట్టూ తిండి ఇరుక్కుంటుంది. అందులోని చక్కెరని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే పింగాణిలోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. సరిగ్గా తోమకపోతే నెల రోజుల్లోనే బిళ్ళ పక్కన సుద్దలాంటి తెల్లమచ్చ తేలవచ్చు. ఏళ్ళ తరబడి ఓపిక పట్టి తీగ విప్పించుకున్న రోజున, వరసైన పళ్ళ మీద మచ్చలు మిగిలితే ఏం సుఖం?

మా అమ్మమ్మది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. చిన్ననాడు తాగిన నీళ్ళలోని ఫ్లోరైడు ఆమె పళ్ళని గోధుమరంగు చేసింది. "మాకు వేరే నీళ్ళు యాడియి బిడ్డా?" అంటుంది. విచిత్రమేమంటే, అదే ఫ్లోరైడు పేస్టులో తగుమాత్రంగా ఉండి నా పళ్ళకు రక్షణ ఇస్తోంది. పింగాణి తయారయ్యే పసితనంలో కడుపులోకి ఎక్కువగా పోతే చేటు. తయారైన పంటికి పైన కొద్దిగా తగిలితే మేలు.

అందుకని రెండు పూటలా ఫ్లోరైడు పేస్టుతో బిళ్ళకి పైనా కిందా తోమాలి. తీగ కిందికి వేపపుల్ల పోదు. సన్నని చిన్న బ్రష్షు కావాలి. సకినాలు, పల్లీపట్టీ కొరికితే బిళ్ళలు ఊడతాయి, కాబట్టి కొన్నాళ్ళు వాటికి దండం పెట్టాలి. పరీక్షల రాత్రుల్లో గంటకో తీపి చాయ్ ఇంకా ప్రమాదం. చక్కెర ఎంత అన్నదే కాదు, ఎన్నిసార్లు అన్నదీ లెక్కే. కరిగిన కొద్దిపాటి ఖనిజాన్ని లాలాజలం తిరిగి పూడుస్తుంది; దానికి వ్యవధి ఇవ్వాలి కదా!

అమ్మమ్మకి ఎంచుకునే వీలు లేకపోయింది. మనకుంది. చాయ్ మానమని అనను. తాగాక ఓసారి మంచినీళ్ళతో పుక్కిలించి, తర్వాతి కప్పు కాస్త ఆలస్యంగా తాగండి.