పందికొక్కు సముద్రయానము

మా చిత్తూరు సీమలో వేరుసెనగ చేలగట్లను తొలిచి, కాయలను కలుగులలో కూడబెట్టుకొను పందికొక్కు పేరు, ఆంగ్లేయుల నోటబడి ‘బాండికూట్’ అయి, ఓడలెక్కి ఆస్ట్రేలియాకు పోయి, ఎలుకజాతితో నేసంబంధమును లేక కడుపుసంచిలో పిల్లలను మోయు వేఱొక జంతువునకు నామధేయమైనది. అంతటితో నాగక, పైమొక్కను కదల్పకుండ మట్టిలోని బంగాళాదుంపలను మాత్రము దొంగిలించుట యను నర్థమున అచటివారు దానిని క్రియాపదముగ గూడ వాడిరి. ఈ చౌర్యకళ మన కొక్కుకే యెక్కువ తగునని మా రైతులు తప్పక వాదింతురు. జంతుశాస్త్రజ్ఞులు మాత్రము న్యాయముగ మన కొక్కుల ప్రజాతికే ‘బాండికోటా’ యను పేరు నిలిపిరి. 1996లో వెలువడిన వీడియో ఆటలోని ‘క్రాష్ బాండికూట్’ యింటిపేరు తెలుగుదేనని తిరుపతిలో మా పిల్లలకు చెప్పితిని గాని, వారు నమ్మలేదు.