మద్రాసు మెయిలెక్కని పాటలు

ఏటికొప్పాకలో కర్రకు లక్క పట్టించేటప్పుడు నిప్పుతో పనిలేదు. లేతు మీద గిరగిరా తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఆనించి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్రంతా పాకుతుంది. పసుపు, ఎరుపు, నీలం చారలు చూస్తుండగానే తేలతాయి. అనకాపల్లి నుంచి దక్షిణంగా యలమంచిలి దాటి వెళ్తే వరాహ నది ఒడ్డున ఉంటుంది ఈ ఊరు. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి వచ్చేవాళ్ళంతా బొమ్మల కోసం వస్తారు. నేను లక్కను చూద్దామని వచ్చాను.

ఎందుకంటే ఒకప్పుడు ప్రపంచం దాచుకున్న పాటల్లో చాలా భాగం లక్క మీదే ఉండేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డును లక్క, రాతిపొడి, నలుపు కోసం మసి, కాస్త నూలు పీచు కలిపి, వేడి మీద అచ్చులో నొక్కి తయారుచేసేవారు. ఆ లక్కలో ఎక్కువ పాలు మన దేశపు అడవుల్లోది. ఛోటానాగపూర్ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టిన బంక కలకత్తా రేవులో ఓడలెక్కి సముద్రాలు దాటేది. మిసిసిపీ పత్తి చేలలో పుట్టిన బ్లూస్ అయినా, వర్జీనియా కొండల్లో అమ్మమ్మలు పాడిన పాట అయినా, మద్రాసు సభలో కీర్తన అయినా అన్నీ ఈ సరుకు మీదే గాడి పడ్డాయి.

సరుకు మనది. మరి ఉత్తరాంధ్ర పాటల్లో ఏవి దాని మీదికి ఎక్కాయి, ఏవి ఎక్కలేదు? ఈ ప్రశ్నతోనే కొత్తమావాస్య రోజుల్లో అనకాపల్లి నుంచి విజయనగరం, సాలూరు, పార్వతీపురం దాకా బయల్దేరాను.

దారిలో మాటిమాటికీ గుర్తొచ్చిన ఊరు అమెరికాలో ఉంది. టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు మీద బ్రిస్టల్ అనే చిన్న పట్టణం. 1927 జులై చివర్లో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే మనిషి రికార్డింగ్ యంత్రాన్ని, ఇద్దరు ఇంజనీర్లను వెంటబెట్టుకుని అక్కడికి వచ్చాడు. ఖాళీగా ఉన్న టోపీల గోదాము అద్దెకు తీసుకున్నాడు. పాటకు 50 డాలర్లు, పైన అమ్మకాల్లో వాటా. పాడితే డబ్బొస్తుందని పత్రికలో పడేసరికి కొండల్లోంచి జనం దిగివచ్చారు. రెండు వారాలు గడవకముందే 19 బృందాలు 76 పాటలు పాడాయి. కొండ దారుల్లో పాత కారులో వచ్చిన కార్టర్ కుటుంబం ఆగస్టు 1, 2 తేదీల్లో ఆరు పాటలు ఇచ్చింది. క్షయతో బాధపడుతున్న మాజీ రైల్వే కార్మికుడు జిమ్మీ రోడ్జర్స్ ఆగస్టు 4న రెండు పాడాడు. అమెరికా కంట్రీ సంగీతం చరిత్రను ఈ వారాల నుంచే మొదలుపెట్టేవాళ్ళు చాలామంది. యంత్రమే పాట దగ్గరికి వెళ్ళింది, అసలు సంగతి అదీ.

మన వైపు కథ వేరు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతు పట్టాడు. మొదట్లో ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఓడలో తిరిగొచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చింది, తరవాత 1928లో డమ్‌డమ్‌లో పెద్దది. కంపెనీల చూపు కలకత్తా, బొంబాయి, మద్రాసు లాంటి నగరాల మీదే నిలిచింది. ఉత్తరాంధ్ర గాయకుడు పాడాలంటే తానే మెయిలెక్కి యంత్రం దగ్గరికి పోవాలి. అనకాపల్లి స్టేషను కలకత్తా, మద్రాసు రైలుమార్గం మీదే ఉంది. ఇక్కడి బెల్లం దిమ్మలు దేశమంతా తిరిగాయి. పాటగాళ్ళలో ఛార్జీలకు డబ్బు ఉన్నవాళ్ళు, పట్నంలో పలుకుబడి ఉన్నవాళ్ళు, శాస్త్రీయ శిక్షణ ఉన్నవాళ్ళు మాత్రమే తిరిగారు.

తిరగని పాట ఎలా ఉంటుందో తెలియాలంటే నూకాంబిక జాతర రోజుల్లో అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఒక రాత్రి కూర్చోవాలి. ఉగాది ముందు రోజు కొత్తమావాస్యకు మొదలయ్యే ఈ జాతర నెల రోజులు సాగుతుంది. ఒక రామకోవెల ముందు ఆ రాత్రి జముకుల కథ. ప్రధాన కథకుడు, పక్కన వంత పాడే ఇద్దరు. జముకు చూడ్డానికి చిన్న కుంచమంత ఉంటుంది. ఒక పక్క తోలు బిగించి, దాని నడుమ నుంచి తీగ లాగి ఉంటుంది. కథకుడు దాన్ని చంక కింద ఇరికించుకుని, ఒక చేత్తో తీగను బిగిస్తూ వదులుతూ, రెండో చేత్తో మీటుతాడు. బిగువు మారిన కొద్దీ నాదం జారుతుంది, మూలుగుతుంది, ఉన్నట్టుండి ఎగిరి దూకుతుంది. ఎల్లమ్మ కథలో తల్లి ఏడ్చే ఘట్టం వచ్చినప్పుడు జముకు కూడా ఆవిడతో పాటు ఏడుస్తుంది.

మిసిసిపీలో డిడ్లీ బో అనే ఒంటితీగ వాద్యం ఉంది. పేద నల్లజాతి పిల్లలు చీపురుకు చుట్టిన తీగ విప్పి ఇంటి గోడకు రెండు మేకులతో బిగించి, సీసా ముక్కతో దాని మీద జారుస్తూ వాయించేవారు. ఎందరో బ్లూస్ గిటారు విద్వాంసులకు అదే మొదటి బడి. ఆ జారుడు, గిటారు మీదికి వచ్చాక, రికార్డుల ద్వారా లోకమంతా విన్నది. జముకు జారుడు విన్నది జాతరకు వచ్చిన నాలుగు ఊళ్ళ వాళ్ళే. రెండిటికీ చుట్టరికం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్క తీగతో మనిషి గుండెను తోడే విద్య రెండు చోట్లా ఉంది, ఒకచోట యంత్రం వచ్చింది, ఇంకోచోట రాలేదు. అంతవరకే నా మాట.

తెల్లవారుజామున, టీ తాగుతున్న ముసలి కథకుణ్ణి అడిగాను.

"తాతా, కథంతా మూడు నిమిషాల్లో చెప్పమంటే?"

"మూడు నిమిసాల్లో జముకు సుతే కుదరదు బాబూ. రాత్తెల్లార్లూ సెప్తేనే కత."

పది అంగుళాల రికార్డు మీద ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాలే, మహా అయితే ఇంకో అర నిమిషం. ప్రపంచమంతటా పాటను కత్తిరించిన కొలత ఇదే. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936లో సాన్ ఆంటోనియో హోటల్ గదిలో, 1937లో డల్లాస్‌లో పాడినవి 29 పాటలు. అన్నీ ఆ కొలతకు కుదించినవే. డాన్సు హాళ్ళలో అవే పాటల్ని ఎంతసేపు సాగదీసేవారో రికార్డు చెప్పదు. అయినా బ్లూస్ పాట చరణం చరణంగా కట్టిన పాట, కుదించినా నిలబడుతుంది. జముకుల కథ, హరికథ అలా కావు. ఘట్టం మీద ఘట్టం పేర్చుకుంటూ, మధ్యలో పిట్టకథ, ఊరి కబురు చెప్పి నవ్వించి, మళ్ళీ ఏడిపించి సాగాలి. తప్పెటగుళ్ళకు ఇంకో చిక్కు. గుండె మీద రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు, పదిహేను ఇరవై మంది ఎగురుతూ పాడతారు. అంతమందికి మద్రాసు టిక్కెట్లు ఎవరు కొంటారు?

విజయనగరంలో దిగగానే ఊరి మర్యాద మారిపోతుంది. కోటకు దగ్గర్లోనే మహారాజా సంగీత కళాశాల. 1919లో మొదలైంది. మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. గజ్జె కట్టి గంటల తరబడి ఒంటి మనిషిగా సభను ఊపిన హరికథా పితామహుడు. అదే ఏడు వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో అధ్యక్షుడయ్యారు. ద్వారంవారి వాయిద్యం రికార్డుల మీద దొరుకుతుంది. చూపు మందగించిన ఆ మనిషి బాణీలో కమాను నిడివి, నాదంలోని నిండుదనం గీతల చప్పుడు దాటి కూడా తెలుస్తాయి. వయొలిన్ మూడు నిమిషాల్లో ఒక రాగాన్ని చూపగలదు. దాసుగారి హరికథ మూడు నిమిషాల్లో దేన్ని చూపుతుంది?

ఈ కళాశాల నుంచి మద్రాసుకు పోయిన గొంతుల్లో రెండిటిని తెలుగువాళ్ళు మరవలేరు. గుడివాడ దగ్గరి చౌటపల్లి నుంచి సంగీతం కోసం ఈ ఊరు వచ్చి, మధూకరం ఎత్తుకుని చదివిన ఘంటసాల. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు గురువు. ఇక ఈ ఊళ్ళోనే 1935లో పుట్టి ఇక్కడే డిప్లొమా పూర్తిచేసిన పి. సుశీల. 2016లో గిన్నిస్ సంస్థ ఆమె పాటల లెక్క 17,695 అని నమోదు చేసింది. శిక్షణ విజయనగరానిది, మైక్రోఫోను మద్రాసుది. ఈ ఊరికి రావాల్సిన పేరులో సగం మద్రాసు చిరునామాకు పోయిందనే నాకనిపిస్తుంది.

గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు. లారీల ఊరు. వర్క్‌షాపుల్లో సుత్తి దెబ్బలు దాటి పక్కనున్న శివరామపురం వైపు తిరిగితే తూర్పు కనుమల నీడ మొదలవుతుంది. సాలూరు రాజేశ్వరరావు 1922లో ఇక్కడే పుట్టారు. తండ్రి సన్యాసిరాజు ద్వారంవారి కచేరీలకు మృదంగం వాయించిన మనిషి. కుర్రవాడి గొంతు గురించి విన్న హచిన్స్ కంపెనీ వాళ్ళు బెంగళూరు రప్పించి పాడించారు. మీసం రాని వయసు. 1935లో "శ్రీకృష్ణ లీలలు" సినిమాలో కృష్ణుడు. ఆ పైన కలకత్తాలో పంకజ్ మల్లిక్, సైగల్ లాంటివారి సాంగత్యం. తిరిగొచ్చాక ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి ఆయన పాడిన ప్రైవేటు రికార్డులతోనే తెలుగులో లలిత సంగీతానికి జనంలో చోటు దొరికింది. మూడు నిమిషాల కొలతను బందీఖానా అనుకోకుండా, ఆ కొలతకే పాటను పుట్టించిన మనిషి ఆయన. ఆయన బాణీ కట్టిన "మల్లీశ్వరి" సినిమా పాటల్లో ఒక్క స్వరం కూడా వృథాగా పడకపోవడానికి గ్రామఫోను నేర్పిన పొదుపు కూడా కారణమని నా నమ్మకం.

జానపదం రికార్డుల మీదికి అసలు ఎక్కలేదని కాదు. కాకినాడలో 1920లో పుట్టిన వింజమూరి అనసూయ, చెల్లెలు సీత పల్లెపాటల్ని ఏరి, హార్మోనియం కట్టి, పట్నపు సభలకు, రేడియోకు, రికార్డులకు చేర్చారు. వాళ్ళు లేకపోతే ఎన్ని పాటలు పోయేవో. కానీ వినిపించింది సంగీతం నేర్చిన గొంతు. ఊడుపు మడిలో పాడిన మనిషి గొంతు కాదు. అనసూయాదేవి చివరిరోజులు గడిచింది అమెరికాలోని హ్యూస్టన్‌లో, 2019లో అక్కడే కన్నుమూశారు. లైట్నిన్ హాప్కిన్స్ తన బ్లూస్ పాటల్ని రికార్డులకు పాడిన ఊరు కూడా అదే.

మడిలోని గొంతును పట్టడానికి అమెరికాలో ప్రభుత్వ గ్రంథాలయం మనిషిని పంపింది. 1933లో జాన్ లోమాక్స్, కొడుకు ఆలన్ నూటనలభై కిలోలకు పైబడిన యంత్రాన్ని కారులో వేసుకుని జైళ్ళకు, చేలకు తిరిగారు. లూసియానా జైల్లో లెడ్‌బెల్లీ అనే గాయకుడు దొరికాడు. 1941లో ఆలన్ మిసిసిపీలోని స్టోవల్ పత్తి క్షేత్రంలో ఒక ట్రాక్టరు డ్రైవరును పాడించాడు. తన గొంతు తాను విన్నాక, తానూ రికార్డు చేయదగ్గ గాయకుణ్ణేనని అతనికి నమ్మకం కలిగింది. రెండేళ్ళకు షికాగో రైలెక్కాడు. అతనే మడ్డీ వాటర్స్. మనకు ఆ పనిని కొంతవరకు ఆకాశవాణి చేసింది. 1963లో విశాఖపట్నం కేంద్రం వచ్చాక జముకుల కథకు, తప్పెటగుళ్ళకు అరగంటో గంటో దొరికింది.

సాలూరు నుంచి పార్వతీపురం దూరమేం కాదు. దాని పక్కన పెదబొండపల్లి వంగపండు ప్రసాదరావు ఊరు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేస్తూ, జననాట్యమండలిలో గజ్జెకట్టి, జముకుల బాణీని, తప్పెటగుళ్ళ దరువును కొత్త మాటలతో నింపిన మనిషి. ఆయన పాటల్ని రాష్ట్రమంతా తిప్పడానికి కంపెనీ అనుమతి అక్కర్లేకపోయింది. క్యాసెట్ వచ్చేసింది. ఒక టేప్‌రికార్డరు ఉంటే చాలు, ఒకటి నుంచి పది కాపీలు. 2020 ఆగస్టు 4న ఆయన పార్వతీపురంలోనే పోయారు. యాస దాచుకోకుండా, సిక్కోలు మాటను మాటలాగే పలికి గెలిచిన గొంతు అది. ఈ ప్రయాణంలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించింది ఆయనే.

అమెరికాలో రాక్ కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. 1968లో బర్డ్స్ బృందం కంట్రీ పాటల కోసం నాష్‌విల్ వెళ్ళింది. 1971లో నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అదే ఊళ్ళో స్టూడియో తీసుకుని, బ్రిస్టల్ గోదాములో గిటారు వాయించిన మేబెల్ కార్టర్‌ను, డాక్ వాట్సన్‌ను, ఇంకా ఎందరో పెద్దల్ని పిలిచి పక్కన కూర్చుంది. 1972లో అది మూడు రికార్డుల ఆల్బమ్‌గా వచ్చింది. పాటల మధ్య పెద్దల కబుర్లు కూడా అందులో ఉంచేశారు. మన దగ్గర 2020లో "పలాస 1978" సినిమాతో ఉత్తరాంధ్ర జానపదం కుర్రాళ్ళ ఫోన్లలోకి ఎక్కింది. సంతోషమే. కానీ జముకుల కథకుణ్ణి మంచి మైకు ముందు కూర్చోబెట్టి, ఒక్క ఘట్టం కూడా కోయకుండా, రాత్రి పొడవునా పట్టిన తెలుగు ఆల్బమ్ కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు నిడివి అడ్డం కాదు, రైలు ఛార్జీ అడ్డం కాదు.

ఇప్పుడు జాతరలో యంత్రం లేని చెయ్యి లేదు. పార్వతీపురం బస్టాండులో ఒక కుర్రాడు తన ఫోన్లో తప్పెటగుళ్ళ వీడియోలు చూపించాడు. మంచి బృందాలు, మంచి ఆట. ఏ ఊరి బృందం అని అడిగితే తెలియదన్నాడు, వీడియో కింద కూడా లేదు. విక్టర్ కంపెనీ చిట్టాల్లో బ్రిస్టల్‌లో ఎవరు, ఏ రోజు, ఏ పాట, ఏ వాద్యంతో పాడారో ఈనాటికీ ఉంది. అతని ఫోన్లోని ఒక వీడియోలో వెనక బ్యానరు మీద ఊరి పేరు మసగ్గా కనిపించింది. ఇద్దరం పెద్దది చేసి చదివాం. అతను ఆ పేరు, తేదీ వీడియో కింద టైపు చేస్తుండగా రాయగడ బస్సు వచ్చింది. మిగతావి పంపమని నంబరు ఇచ్చాను.