గొడుగు మేకు

మా ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టినప్పుడు వాసాలూ దూలాలూ అన్నీ అమ్మేశారు గానీ, వీధి తలుపు రెక్క ఒక్కటి మాత్రం అమ్మ పట్టుబట్టి మా ఇంటికి తెచ్చుకుంది. మంచి టేకు. ఎక్కడ పెట్టాలో తెలియక నెల్లాళ్ళు పెరటి గోడకి ఆనించాం. చివరికి దాన్ని కోయించి పుస్తకాల అర చేయిద్దామన్నాను. అంచులు చేతికి గీరుకుపోతున్నాయి, వాటిని గుండ్రం చెయ్యాలి.

వచ్చిన మేస్త్రి సంచిలోంచి ఉలీ బాడిశా తీస్తాడనుకున్నాను. పాల చెంబంత మిషను తీశాడు. రౌటరట!

"నిమిషానికి 25,000 సార్లు తిరుగుద్దండి," అన్నాడు, సొంత కొడుకు మార్కులు చెప్పినట్టు.

నేనూ నేర్చుకుంటానన్నాను. నవ్వకండి. నేను రాస్తున్న నవల్లో వడ్రంగి ఒకడు మూడు అధ్యాయాలుగా చేసే పని లేక బీడీలు కాలుస్తూ కూర్చున్నాడు మరి!

"అయితే గాజులు తీసి రండమ్మగారూ. జడ ముడేసుకోండి, కొంగు బిగించి దోపండి."

చేతులకి తొడుగులు వేసుకోనా అంటే అవీ వద్దన్నాడు. బిట్టుకి చిక్కుకుంటే వేళ్ళతో సహా లాగేసుద్దిట. కళ్ళకి అద్దాలు, చెవులకి మూతలు మాత్రం తప్పనిసరి.

"శుక్రవారం పూట, పుణ్యస్త్రీవి, గాజులు తియ్యడమేమిటే?" అంది అమ్మ గుమ్మంలోంచి. ఎంత చెప్పినా మొహం అటు తిప్పుకునే కూర్చుంది.

మేస్త్రి ముందు ప్లగ్గు పీకేశాడు. బిట్టు మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదట. బిట్టు కాడని అడుగంటా దింపి, మళ్ళీ ఒక్క పిసరు పైకి లాగి బిగించాడు. అడుగుకి ఆనితే పట్టు సరిగా ఉండదట. చెక్కని బల్లకి శిగింపులతో కదలకుండా బిగించి, ఇక స్విచ్చి వెయ్యబోతున్నాడు.

"ఆగు నాయనా! అక్కడ మీ నాన్నగారి గొడుగు మేకు ఉండాలే!" అంది అమ్మ, సగం అతనితో, సగం నాతో.

చూస్తే ఏమీ కనబడలేదు. నాలుగు పూతల రంగు. ఫ్రిజ్జు మీది అయస్కాంతం తెచ్చి అంచు వెంబడి జరిపితే ఒకచోట టక్కున అతుక్కుంది. తల విరిగిన మేకు! పీకడానికి అరగంట పట్టింది. మిషను దానికి తగిలుంటే ఏమయ్యేదని అడిగాను. మేస్త్రి మాట్లాడకుండా మంచినీళ్ళు తాగాడు.

తర్వాత నా వంతు. ఎటు నడపాలన్నదే అసలు విషయమట. చెక్క చుట్టూ బయటి అంచు చెయ్యాలంటే గుడిలో ప్రదక్షిణ చేసే దిక్కుకి ఎదురుగా పోవాలి. కిటికీలా లోపలి అంచయితే ప్రదక్షిణ దారే. తప్పితే మిషను మన చేతుల్లోంచి తనే పరుగెడుతుంది. నాకైతే ఈ లెక్క చచ్చినా మరుపురాదు.

పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకి ఆనించాలి. మొదటిసారి రెండు మిల్లీమీటర్లు చాలు, మళ్ళీ మళ్ళీ పోవాలి. మొదట అడ్డు అంచులు, ఆ తర్వాత పొడుగు అంచులు. అడ్డంగా కోసినప్పుడు మూలన లేచిన పేళ్ళు పొడుగు అంచుతో పోతాయి. నేను చేసిన పని చూసుకుని మురిసిపోతూ ఒక్క క్షణం ఆగానో లేదో, పెనం మీద మరిచిపోయిన దోసెలా నల్లటి మచ్చ పడింది. పొగ వాసన కూడా!

"ఆగకండి. అలాగని తొయ్యకండి," అన్నాడు మేస్త్రి.

ఆపాక కూడా బిట్టు పూర్తిగా నిలిచేదాకా కింద పెట్టనివ్వలేదు. నా చేతులు ఇంకా జివ్వుమంటున్నాయి.

అమ్మ వచ్చి అంచు మీద వేళ్ళతో రాసి చూసింది. నల్ల మచ్చ దగ్గర కాస్సేపు ఆగింది. ఇంకా ఒక పొడుగు అంచు మిగిలే ఉంది.

"అది నేను చేస్తాను," అంది. "నా చేతులకి తియ్యడానికి గాజులు కూడా లేవుగా."

మేస్త్రి నావైపు చూశాడు. నేను కళ్ళద్దాలు తీసి అమ్మకిచ్చాను.