దారి చూపే పెట్టె, దాటించే పంటు



కోనసీమలో ఎవరినైనా దారి అడిగి చూడండి. ఎన్ని మైళ్ళో తరువాత చెబుతారు, ముందు ఏ రేవు దాటాలో చెబుతారు. ఉత్తరాన, తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. ఈ లంకల మధ్య ఇళ్ళు దర్శిస్తూ చాలా ఏళ్ళు మోటారు సైకిలు మీదనే తిరిగాను. ఒక పాత కారు సమకూడినప్పుడు, దానికి దారి చూపే జి.పి.ఎస్. పరికరం కొనాలని మా యౌవనస్థులు పట్టుబట్టారు. కొనేముందు పరీక్షించి చూద్దామని ఒక స్నేహితుని పరికరాన్ని అరువు తెచ్చుకున్నాను.

అది ఆగస్టు నెల. కోటిపల్లి దగ్గర ఒక పల్లెలో వృద్ధురాలైన ఒక తల్లి ఆఖరి స్థితిలో ఉన్నారనీ, నన్ను చూడాలని అడుగుతున్నారనీ సాయంత్రం కబురు వచ్చింది. అమలాపురంలో కారెక్కి ఊరి పేరు నొక్కాను. ముక్తేశ్వరం మీదుగా నీలిగీత కనబడింది. దగ్గర దారే గదా అని సంతోషించాను. తీరా చూస్తే ఆ గీత గౌతమిలోకి దిగి అవతలి గట్టెక్కుతోంది! రేవుకు చేరేసరికి ఎర్రనీరు పరవళ్ళు తొక్కుతోంది. పంటును గట్టుకు కట్టేశారు.

"వరదండి అయ్యగారూ, పొద్దున్నే ఆపేశారండి. ఎదుర్లంక వంతెన మీంచి పోవాలండి" అన్నాడు అక్కడి కాపలా మనిషి.

వెనక్కి తిరిగి ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం, ద్రాక్షారామం చుట్టి చేరేసరికి ఆ తల్లి కన్నుమూసి గంటయింది. "మీ కోసం గుమ్మం వైపే చూసిందండి" అన్నాడు ఆమె కుమారుడు. ఆ మాటలో నింద లేదు. అందుకే మరింత గుచ్చుకుంది.

తప్పెవరిది? ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను. పరికరం అబద్ధం చెప్పలేదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందుకొని, అవి చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి మనం ఎక్కడున్నామో అది లెక్క కడుతుంది. పూర్వం అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే మసకబార్చేది. వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. అంత తేడా ఉంటే మన ఏటిగట్ల మీద కారు కాలువలో ఉన్నట్టు చూపినా ఆశ్చర్యం లేదు. 2000 మే నెలలో ఆ మసక తీసివేశారు. మన దేశం కూడా 2013 జూలై 1న మొదలుపెట్టి 2016 ఏప్రిల్ 28 నాటికి ఏడు ఉపగ్రహాలను శ్రీహరికోట నుండి పంపి, ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టింది. అయితే ఉపగ్రహం చెప్పేది మనం ఎక్కడున్నామన్నదే. దారి చెప్పేది లోపలున్న పటం. ఏట్లో వరద వచ్చిందో లేదో ఆ రెండింటికీ తెలియదు. అడగవలసినవాణ్ణి నేను, అడగలేదు.

తరువాత మూడు పరికరాలను వెంటబెట్టుకొని అమలాపురం నుండి రాజోలు దారిన తిరిగాను. ఒకదానిలో పటం పాతది. బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన ఉన్నట్టే దానికి తెలియదు. పి.గన్నవరం అక్విడక్టు మీదుగా చుట్టు తిప్పింది. ఇంకొకదానిలో గన్నవరం అని కొడితే విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి బయలుదేరమంది! మన కొత్తపేట సంగతీ అంతే. హైదరాబాదులోనూ కొత్తపేట ఉంది. కనుక ఊరి పేరుతోపాటు మండలం పేరు కూడా కొట్టాలని నేర్చుకున్నాను. మూడవదానిలో పంటు దారులు వద్దని నొక్కే వీలుంది. అలా నొక్కి నరసాపురం అడిగితే, సఖినేటిపల్లి రేవుకు పంపకుండా చించినాడ వంతెన మీదుగా తీసుకుపోయింది. దాని పటం లోపలే ఉంటుంది గనుక కొబ్బరితోటల మధ్య ఫోను సిగ్నలు పోయినా అది ఆగలేదు. పటాన్ని ఎప్పటికప్పుడు ఉచితంగా కొత్తది చేసుకోవచ్చు. అదే కొన్నాను.

ఫోనుతోనే సరిపెట్టుకునేవారు కూడా బయలుదేరకముందే ఇంటి దగ్గర మన జిల్లా పటాన్ని ఫోనులోకి దించుకొని ఉంచుకోవడం మంచిది. సిగ్నలు లేకపోయినా ఫోనుకు ఉపగ్రహం అందుతుంది, పటమే అందదు.

ఇంతా చేసి, నేను ఆ పరికరం పక్కన ఒక చిన్న కాగితం అంటించుకున్నాను. దానిమీద ముక్తేశ్వరం రేవులోని పంటు మనిషి ఫోను నంబరు, సఖినేటిపల్లి రేవు నంబరు ఉన్నాయి. ఏరు దాటవలసి ఉంటే ముందు ఆ నంబరుకు చేస్తాను, తరువాతనే పెట్టె మీద ఊరి పేరు నొక్కుతాను. మొన్న వరదలో కూడా అడిగాను.

"రాకండయ్యగారూ, ఏరు పొంగిందండి" అన్నాడు.

వెంటనే ఎదుర్లంక దారి పట్టాను. ఈసారి వేళకు చేరాను.