నెయ్యి వద్దన్న నాలుక

గాల్ బ్లాడర్ తీయించుకున్న మనిషిని చూడటానికి వచ్చేవాళ్లు కుట్ల గురించి అడుగుతారు. రాళ్లు ఎంత పెద్దవో అడుగుతారు, ఖర్చు ఎంతయిందో అడుగుతారు. "తింటున్నావా?" అని కూడా అడుగుతారు గానీ, ఏం తినాలనిపిస్తోందని ఎవరూ అడగరు. నాకు ఆ ఆపరేషన్ తర్వాత అన్నిటికంటే ఎక్కువ మారింది అదే.

ఆపరేషన్ ఇప్పుడు మరీ భయపడాల్సినది కాదు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ మొదటిసారి పిత్తాశయాన్ని తీసినప్పుడు పొట్ట కోయాల్సి వచ్చింది. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల గుండా తీసి చూపించారు. మన దేశంలో 1990లో ముంబైలో టెహెమ్‌టన్ ఉద్వాడియా ఆ పద్ధతికి నాంది పలికారు. ఇవాళ చాలామంది మర్నాటికల్లా ఇంటికొచ్చేస్తున్నారు, పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లతో, చేతిలో ఒక కాగితంతో. నూనె, నెయ్యి, వేపుళ్లు కొన్నాళ్లు తగ్గించమని ఆ కాగితంలో ఉంటుంది. ఇష్టమైనవి మానుకోవడమే ఇక కష్టమంతా అని మనం అనుకుంటాం.

నాకు అలా జరగలేదు. మానుకోవాల్సిన అవసరం రాకుండా ఆ ఇష్టమే పోయింది. ముద్దపప్పులో నెయ్యి పడందే ముద్ద ఎత్తని ఇంట్లో పుట్టినదాన్ని. అమ్మ వెన్న కాచి, చివర్లో నాలుగు మునగాకు రెబ్బలు వేసి దించేది. నెయ్యి వంపేశాక గిన్నె అడుగున మిగిలిన గోధుమరంగు పొడిలో ఇంత పంచదార వేసి కలిపి, వేడి మీదే మా చేతుల్లో పెట్టేది. నాకు తెలిసిన రుచుల్లో దానికి సాటి లేదు. అలాంటిది, ఆపరేషన్ అయ్యాక పక్కవాటాలో వెన్న కాస్తున్నా సరే, ఆ వాసనకి కడుపులో తిప్పేది. గది తలుపు వేసుకునేదాన్ని.

ఒంట్లో ఏం మారిందో తెలుసుకున్నాక కొంత ధైర్యం వచ్చింది. పైత్యరసాన్ని తయారుచేసేది పిత్తాశయం కాదు, కాలేయం. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా ఊరుతుంది. అందులో కొంత చేరి చిక్కబడి నిలవ ఉండే సంచి పిత్తాశయం. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. కొవ్వున్న తిండి చిన్నపేగులోకి రాగానే పేగు గోడలోంచి కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. అప్పుడు చెరువు తూము ఎత్తినట్టు రసం ఒక్కసారిగా దిగుతుంది. సంచి తీసేశాక చెరువు లేదు, సన్నటి పారుదల మాత్రం పొద్దస్తమానం సాగుతూనే ఉంటుంది. మామూలు భోజనానికి అది సరిపోతుంది. పెళ్లి భోజనం చేసి కూర్చుంటే కొన్నాళ్లపాటు చాలకపోవచ్చు.

అదే హార్మోను మెదడుకు "ఇక చాలు" అన్న కబురు కూడా చేరవేస్తుంది. సంచి పోయినా ఆ కబురు ఆగదు. గుర్రానికీ ఎలుకకీ పావురానికీ పుట్టుకతోనే పిత్తాశయం లేదని చదివినప్పుడు నాకెంతో ఊరట కలిగింది. గుర్రం రోజులో ఎక్కువసేపు కొంచెం కొంచెంగా మేస్తూ హాయిగా బతికేస్తుంది. ఒక్కసారి కడుపునిండా తినడం కంటే చిన్న చిన్న భోజనాలు మనకూ నప్పుతాయి.

అయితే, నెయ్యి మీద విముఖతకి సంచి లేకపోవడం ఒక్కటే కారణమని నేను అనుకోను. దాని మూలం ఆపరేషన్‌కి ముందరి రాత్రుల్లో ఉంది. రాళ్ల నొప్పి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కమ్మగా భోంచేసి పడుకున్నాక అర్ధరాత్రి కుడి డొక్కలో, పక్కటెముకల కింద మొదలై వెనక భుజం రెక్క దాకా పాకుతుంది. గ్యాసేమో అనుకుని వాము నమిలి, సోడా తాగి, గదిలో అటూ ఇటూ తిరుగుతూ తెల్లవార్చుతాం. అలాంటి రాత్రులు పదేపదే గడిస్తే, ఏ తిండి వెనక నొప్పి వస్తోందో ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. 1955లో అమెరికాలో జాన్ గార్సియా బృందం ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు పెట్టి, ఆ సమయంలోనే జబ్బు చేయించే రేడియేషన్ సోకేలా చేసింది. తర్వాత ఆ ఎలుకలు తియ్యటి నీళ్ల జోలికి పోవడం తగ్గించేశాయి. తిండికీ వికారానికీ మధ్య గంటకు పైగా ఎడం ఉన్నా ఈ అయిష్టం ఏర్పడుతుందని 1966లో ఆయనే చూపించారు. రాళ్లు పోయాయని నాకు తెలుసు. నా నాలుకకి తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఈ సంగతి పెద్దవాళ్లకి చెప్పి ఒప్పించడం కష్టం. చూడటానికి వచ్చిన మా పెద్దమ్మ నేతి గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుంది.

"నెయ్యి లేకుండా పప్పన్నమేంటే? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఒక్క చుక్క వేయించుకో."

"వద్దు పెద్దమ్మా. తినకూడదని కాదు, తినాలని లేదు."

ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. నెయ్యి తినాలని లేదనే మనిషిని డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ అదే మొదటిసారి చూడటం. నొచ్చుకుంది కూడా. మన ఇళ్లల్లో నెయ్యి వడ్డించడం ప్రేమ చూపించడం కాబట్టి ఆ నొప్పి నాకు అర్థమైంది. కానీ కోలుకునే మనిషికి ఆ సమయంలో కావలసింది, తను వద్దన్నది వద్దని నమ్మేవాళ్లు.

వద్దన్నవాటి చోట కొత్త కోరికలు వచ్చాయి. ఎప్పుడూ పట్టించుకోని చారు కావాలనిపించింది. ధనియాలు, మిరియాలు దంచి వేసిన పల్చటి చారు. ఉప్పు అద్దుకుని పుల్ల మామిడికాయ ముక్క. అన్నిటికంటే ఎక్కువగా సెగ మీద కాల్చిన మినప అప్పడం. మంట తగలగానే అంచులు వంకరపోతాయి, ఒళ్లంతా బుడిపెలు లేస్తాయి, అక్కడక్కడా నల్లమచ్చలు పడి ఇంగువ వాసన గుప్పుమంటుంది. నూనె చుక్క లేదు, కరకరకి లోటు లేదు. నూనెలో వేయించిన అప్పడం ఇప్పుడు నా నోటికి బరువు.

తీపి మీదకి కూడా మనసు పోయింది. ఇది కాస్త జాగ్రత్తగా చూసుకోవాల్సిన సంగతి. కొవ్వు తగ్గించిన కంచంలో మిగిలిన ఆకలి బెల్లం ముక్క, బిస్కెట్టు, పంచదార ఎక్కువేసిన టీ వెతుక్కుంటుందని నాకనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. పప్పు, పెరుగు, గుడ్డు తెల్లసొన లాంటివి కంచంలోకి వచ్చాక నాలో ఆ యావ చాలావరకు తగ్గింది.

నెయ్యి మళ్లీ వచ్చింది, మెల్లగా. ముందు పొడి అన్నంలో పావు చెంచా, కొన్ని వారాలకి అర. ఆవకాయ పైన తేలే నూనె మాత్రం ఇంకా పక్కకి వంచేస్తున్నాను. అది తిరిగి రాకపోయినా నాకు బెంగలేదు.

ఈమధ్య మా వదినకీ ఇదే ఆపరేషన్ అయింది. ఫోన్ చేసి, "బజ్జీల బండి పక్క నుంచి నడవలేకపోతున్నానమ్మాయ్, ఇది మామూలేనా?" అంది. మామూలే అన్నాను. తిన్న వెంటనే బాత్రూముకి పరిగెత్తాల్సి వస్తోందన్న మాట మాత్రం చాలాసేపటికి, గొంతు తగ్గించి చెప్పింది. సంచి తీసేశాక కొందరికి పైత్యరసం పెద్దపేగు దాకా చేరి విరేచనాలవుతాయనీ, దాన్ని పట్టి ఉంచడానికి కొలెస్టిరమైన్ లాంటి మందులున్నాయనీ, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పమనీ అన్నాను. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆ పాత నొప్పి మళ్లీ వచ్చినా ఆ రోజే వెళ్లాలని గట్టిగా చెప్పాను. పైత్యరసం పారే నాళంలో ఒక రాయి మిగిలిపోవడమూ ఉంది. ఈ లోపల ఏ పూట ఏం తిన్నదీ, తర్వాత ఎలా ఉన్నదీ, ఏం తినాలనిపించిందీ ఒక పుస్తకంలో రాసుకోమన్నాను. నిన్న ఆ పుస్తకంలో మొదటి పేజీ ఫోటో తీసి పంపింది. పొద్దున ఇడ్లీ, బాగానే ఉంది. మధ్యాహ్నం వంకాయ కూర, బాలేదు. రాత్రి చారన్నం, ఇంకో గరిటె అడిగి వేయించుకున్నాను.