రెంటచింతల ఎండలో కరెంటు కారు

వేసవి వచ్చిందంటే చాలు, మా పల్నాటి రెంటచింతల పేరు పత్రికలకెక్కుతుంది. వాతావరణ శాఖవారి కేంద్రం ఆ ఊళ్ళో ఉండబట్టి అక్కడి ఎండ లెక్కకు వస్తున్నది గాని, పక్కనున్న గురజాల, మాచర్ల, దాచేపల్లి ఊళ్ళవాళ్ళు చల్లగా కూర్చున్నారని కాదు. భూమిలో సున్నపురాయి, వాకిట్లో నాపరాయి, కొన్ని ఇళ్ళకు పైకప్పు కూడా నాపరాయే. పగలంతా తాగిన ఎండను ఆ రాయి అర్ధరాత్రి దాకా తీరిగ్గా కక్కుతూ ఉంటుంది. శ్రీనాథుడి పేర చలామణిలో ఉన్న పల్నాటి చాటువులు పాఠం చెప్పినప్పుడల్లా, ఆ మహానుభావుడు మా సీమకు వైశాఖంలో వచ్చి ఉంటాడని నాకు అనుమానం కలుగుతుంది.

అటువంటి ఎండలో, 2024 మే మొదటివారంలో, నేనూ మా మేనల్లుడూ నరసరావుపేట నుంచి మాచర్లకు కరెంటు కారులో బయలుదేరాము. కారు మా కాలేజీ సహోద్యోగిది. సరదా ప్రయాణం కాదు. మాచర్లలో ఉన్న మా పెద్దబావగారికి మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు నరసరావుపేట ఆసుపత్రికి రావాలి. బస్సులో వచ్చి వెళ్ళేసరికి ఆయనకు ఓపిక ఉండడం లేదు. అద్దెకారుకు డబ్బు నీళ్ళలా పోతున్నది. కారు కొనిస్తానని కొడుకు అన్నాడు. కరెంటు కారయితే ఖర్చు తక్కువని చిన్నవాడి వాదన. వద్దంటే వద్దని మా అక్కయ్య. ఆవిడ భయం ఉత్త భయమూ కాదు. 2022 వేసవిలో నిజామాబాదులోను, విజయవాడలోను ఇళ్ళలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ ఏడాదే ప్రభుత్వం బ్యాటరీల పరీక్షా నియమాలు బిగించిందని చెబితే, “పోయినవాళ్ళు తిరిగొచ్చారా?” అన్నది.

మేనల్లుడి అనుమానం వేరు. వాడుండేది షికాగో దగ్గర. ఆ జనవరిలో అక్కడ చలి సున్నాకు దిగువన 20 డిగ్రీల దాకా పోయింది. కరెంటు కార్లు ఛార్జింగు కేంద్రాల ముందు బారులు తీరాయి. కొన్ని అక్కడికక్కడే ఆగిపోయాయి. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఆ బారులో పసిపిల్లతో మూడుగంటలు నిలబడ్డవాడు మావాడు. “అంత చలికే అలా మొరాయించిన బండి, ఈ ఎండకు ఏమవుతుందో చూడాలి మావయ్యా. నాన్నను నడిరోడ్డు మీద కూర్చోబెట్టలేను కదా,” అన్నాడు.

కోటప్పకొండ వెనకబడింది. ఎన్నికల మైకులు కూడా ఊరితోపాటు వెనకబడ్డాయి. పిడుగురాళ్ళలో సున్నపుబట్టీల తెల్లదుమ్ము అద్దంమీద పరుచుకున్నది. కారు లోపల చల్లగానే ఉన్నది. బయట 44 డిగ్రీలని ముందున్న తెర చూపిస్తున్నది. మావాడు ఆ తెరమీద బ్యాటరీ అంకెను వదలకుండా చూస్తూ, చలి కథ చెప్పుకొచ్చాడు.

చలిలో జరిగేదేమిటంటే, బ్యాటరీలో విద్యుత్తును మోసే కణాలు ఒక ద్రవంగుండా అటూ ఇటూ నడవాలి. ధనుర్మాసంలో మన కొబ్బరినూనె సీసా ఏమవుతుందో ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. గడ్డ కట్టకపోయినా ఆ ద్రవమూ అలాగే మందగిస్తుంది, నడక తగ్గుతుంది. చల్లబడ్డ బ్యాటరీలోకి విద్యుత్తును జోరుగా ఎక్కిస్తే లోపల లోహం పేరుకుని పాడవుతుంది కనుక, కారే జాగ్రత్తపడి మెల్లిగా తీసుకుంటుంది. షికాగోలో బారులు సాగింది అందుకే. పైగా పెట్రోలు ఇంజను ఎటూ సగానికి పైగా వేడినే పుట్టిస్తుంది కాబట్టి ఆ వేడితో కారు లోపల ఉచితంగా వెచ్చబడుతుంది. కరెంటు మోటారు అంత దుబారా మనిషి కాదు. వెచ్చదనం కావాలంటే బ్యాటరీలోంచే ఖర్చు పెట్టాలి. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారు 2019లో అయిదు కార్లను పరీక్షించి, సున్నాకు దిగువ 7 డిగ్రీల చలిలో హీటరు వేసుకుంటే ప్రయాణదూరం నూటికి 41 వంతులు తగ్గుతున్నదని తేల్చారు. అయినా నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో నూటికి 89 కరెంటువే. వాళ్ళు కారును ఇంటిదగ్గర ప్లగ్గుకు తగిలించి, బయలుదేరబోయే ముందే బ్యాటరీని, లోపలి గదిని వేడిచేసుకుంటారు. మనం పొద్దున్నే నీళ్ళు కాచుకున్నట్టన్నమాట.

“మరి ఎండ సంగతి?” అన్నాను. అదే సంస్థవారు 35 డిగ్రీల ఎండలో కూడా చూశారు. ఏసీ వేసుకుంటే తగ్గింది 17 వంతులే. మా ఎండ అంతకంటె ఎక్కువదే గాని, గురజాల దాటి రెంటచింతల చేరేసరికి కారు ఎక్కడా జంకలేదు. మాచర్లలో అక్కయ్యగారి వాకిట్లో దిగేటప్పటికి బ్యాటరీలో నూటికి యాభై ఎనిమిది మిగిలి ఉన్నది. మావాడి ముఖం విప్పారింది.

నాకు మాత్రం అక్కడే సందేహం మొదలయింది. చలి అప్పు తీసుకునేదే గాని ఎగవేసేది కాదు. వసంతం రాగానే తగ్గిన దూరమంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఎండ అలా కాదు. ఆ రోజుకు ఏమీ తీసుకోనట్టే ఉండి, బ్యాటరీ ఆయుష్షులోంచి కొంచెం కొంచెం పట్టుకుపోతుంది. ఎండలో పెట్టిన నూనె మక్కిపోయినట్టు లోపలి రసాయనాలు త్వరగా ముదిరిపోతాయి. అమెరికాలోనే, మా రెంటచింతలకు పెద్దన్నలాంటి ఎడారి ఊరు ఫీనిక్సు ఉన్నది. అక్కడ నిస్సాన్ లీఫ్ కార్లు కొన్నవాళ్ళు ఒకటి రెండేళ్ళకే బ్యాటరీ శక్తి తరిగిపోయిందని 2012లో గోలపెట్టారు. ఆ కారులో బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. కనుక మా పల్నాటివాడు కారు కొనేటప్పుడు, ఒక్క ఛార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడిగే ముందు, బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఏమిటని అడగడం మంచిది. రెండో ప్రశ్న, అది ఇనుము, ఫాస్ఫేటు రకం బ్యాటరీయా అని. ఆ రకం చలికి బాగా ముడుచుకుపోతుంది, వేడికి మాత్రం ఓర్చుకుంటుంది. మంటలకు తేలిగ్గా లొంగదు కూడా. మన దేశంలో చాలా కార్లలో ఉన్నది అదే. ఈ చివరి మాటను అక్కయ్య రెండుసార్లు చెప్పించుకున్నది.

భోజనాలయ్యాక బావగారు వాలుకుర్చీలో కూర్చుని, బ్యాటరీకి ఎన్నేళ్ళ హామీ అని అడిగారు. సాధారణంగా ఎనిమిదేళ్ళు, లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నారని చెప్పాడు కొడుకు.

“ఎనిమిదేళ్ళే! నాకెవరైనా అంత రాసిస్తే బాగుండునురా.”

ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక్కరే నవ్వారు.

ఇక మిగిలింది కారును ఎక్కడ ఉంచడమన్నది. నిండా ఛార్జి చేసి ఎండలో వదిలేయడం బ్యాటరీకి అన్నిటికంటె చెరుపు. తాటాకు పందిరి వేద్దామని బావగారు అంటే, తాటాకుకు నిప్పు అంటుకుంటుందని అక్కయ్య ఒప్పుకోలేదు. రేకులు వేస్తే కింద పెనం మాదిరి కాలుతుంది. చివరకు పెరట్లో వేపచెట్టు పడమటి నీడను కలుపుకుని, మూడువైపులా గాలి ఆడేటట్టు, ఎత్తుగా రేకులు వేసి పైన జొన్నచొప్పకు బదులు తెల్లసున్నం కొట్టించడానికి రాజీ కుదిరింది. సున్నానికి మాకు కరువా! ఛార్జింగు రాత్రి పదిగంటల తరవాత, కారు చల్లబడ్డాక. దానికి వేరే తీగ, వేరే స్విచ్చి.

ఆషాఢం వెళ్ళి శ్రావణంలో కారు వచ్చింది. చిన్నవాడు నడుపుతున్నాడు. బావగారు లెక్కల మాస్టారుగా పనిచేసినవారు. తేదీ, బయటి వేడి, నరసరావుపేట చేరేసరికి మిగిలిన ఛార్జింగు అన్నీ నోటుబుక్కులో రాస్తున్నారు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున బయలుదేరితే మా చలి కారును ఏమీ చెయ్యలేదు. 2025 రోహిణి కార్తెలో ఒకనాడు సంక్రాంతి నాటికంటె నూటికి ఏడు వంతులు ఎక్కువ ఖర్చయిందని రాసి, పక్కనే ‘ఏసీ గట్టిగా పెట్టించాను’ అని ఆయనే కారణం కూడా రాసుకున్నారు.